ఆసక్తి కోసం ఉచిత ఆన్‌లైన్ కోర్సులు: పాఠాన్ని డెల్టా నేలకు అన్వయించుకొనే తీరు

చదువు బడితో ముగియదన్న భావన కృష్ణా డెల్టాకు కొత్తది కాదు. ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ 1914లో విజయవాడలోనే జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం పశ్చిమ డెల్టా కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపి, ప్రయాణికుల చేతికి పుస్తకాన్ని అందించారు. ఆనాడు పడవ చేసిన పనిని నేడు చేతిలోని ఫోను చేయగలుగుతున్నది. విజయవాడ వన్ టౌన్‌లో వ్యాపారమో ఉద్యోగమో చేసుకుంటూ, దివిసీమలో పిత్రార్జితమైన పొలాన్ని సాగు చేయించుకొనే వ్యక్తి కూడా తీరిక వేళల్లో మృత్తికా శాస్త్రాన్ని ఉచితంగా అభ్యసించవచ్చు. అయితే విన్న పాఠం పొలంలో ఉపకరించాలంటే కొన్ని మెలకువలు అవసరం.

లభ్యమయ్యే వేదికలు

ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటీఈఎల్, కేంద్ర ప్రభుత్వం 2017 జూలై 9న ప్రారంభించిన ‘స్వయం’ వీటిలో ముఖ్యమైనవి. ఐఐటీ కాన్పూరు, కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్ కలిసి వ్యవసాయ విషయాల కోసమే ‘అగ్‌మూక్స్’ను రూపొందించాయి. ‘స్వయం’ కోర్సులో వీడియో పాఠం, పఠన సామగ్రి, స్వీయ పరీక్ష, సందేహ నివృత్తి వేదిక అనే నాలుగు అంగాలు ఉంటాయి. ఎన్‌పీటీఈఎల్ కోర్సులు సాధారణంగా 4, 8 లేదా 12 వారాలు సాగుతాయి. పాఠాలు వినడానికి రుసుము లేదు. ధ్రువపత్రం కోసం పరీక్ష రాయదలచినవారే రుసుము చెల్లించాలి. బోధన అధికంగా ఆంగ్లంలో ఉన్నప్పటికీ, ఎన్‌పీటీఈఎల్ కొన్ని పాఠాలను తెలుగులోకి కూడా అనువదింపజేసింది.

ఎంపికలో జాగ్రత్త

ఇటువంటి కోర్సులలో చేరినవారిలో అధికులు మధ్యలోనే విరమిస్తారు. ఉద్యోగోన్నతి కోసం కాక ఆసక్తి కొద్దీ చదివేవారికి ఇది పెద్ద లోపం కాదు. కావలసిన మూడు వారాల పాఠాలు విని ఆపినా ప్రయోజనమే. అయితే ‘వ్యవసాయం నేర్చుకోవాలి’ అన్న విశాలమైన కోరికతో కాక, ‘మా పొలంలో నారు ఎందుకు నిలవడం లేదు?’ వంటి ఒక్క ప్రశ్నతో చేరడం మేలు. ఏ పాఠం అవసరమో, ఏది వదిలివేయవచ్చో ఆ ప్రశ్నే నిర్ణయిస్తుంది. వారానికి రెండు మూడు గంటలు నియమంగా కేటాయించి, ప్రతి పాఠం తరువాత సొంత పొలానికి సంబంధించిన ఒక సందేహాన్ని పుస్తకంలో వ్రాసుకోవాలి.

ఒక ఉదాహరణ: చౌడు నేల

కాలువ చివరి భూములలో చౌడు సమస్య ఉన్న రైతు మృత్తికా శాస్త్ర పాఠం విన్నాడనుకుందాం. నేల విద్యుద్వాహకత మీటరుకు 4 డెసిసీమెన్‌లు దాటితే అది లవణ నేల, అంటే పాలచౌడు అని పాఠం చెబుతుంది. అతని భూసార పరీక్ష పత్రంలో 1.5 అని ఉంటే, నేల సురక్షితమని అతడు భావించే ప్రమాదం ఉంది. పాఠంలోని 4 అనే అంకె సంతృప్త మట్టి నుండి తీసిన ద్రావణానికి వర్తిస్తుంది. మన ప్రయోగశాలలు సాధారణంగా ఒక వంతు మట్టికి రెండు లేదా రెండున్నర వంతుల నీరు కలిపి కొలుస్తాయి. నీరు ఎక్కువైనందున లవణాలు పలుచబడి అంకె తగ్గుతుంది. కనుక ఈ రెండు అంకెలను నేరుగా పోల్చరాదు. పరీక్షా పద్ధతిని ప్రయోగశాలలో అడిగి తెలుసుకోవాలి.

చికిత్సలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఉదజని సూచిక 8.5 దాటి, సోడియం అధికంగా ఉన్న కారుచౌడుకు జిప్సం మందు. పాలచౌడుకు మంచినీరు నిలగట్టి, లవణాలను కరిగించి, మురుగు కాలువ ద్వారా బయటకు పంపడమే మార్గం. తీరానికి దగ్గరగా, భూగర్భ జలం పైనే ఉన్న చోట మురుగు పోయే దారి లేకుండా నీరు పెడితే, నీరు ఆవిరైన కొద్దీ ఉప్పు మళ్లీ పైకి చేరుతుంది. ఈ తేడా గ్రహించక పాలచౌడుపై జిప్సం చల్లితే ఖర్చే మిగులుతుంది.

స్థానిక ధ్రువీకరణ

ఆన్‌లైన్ పాఠం సూత్రాన్ని బోధిస్తుంది. మోతాదును, రకాన్ని, అదనును స్థానిక పరిశోధనయే నిర్ణయించాలి. కావున పాఠం ద్వారా కలిగిన ఆలోచనను అమలు చేసే ముందు ఘంటసాల, గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలతో చర్చించి, మొదట కొద్దిపాటి విస్తీర్ణంలో పరీక్షించడం శ్రేయస్కరం. కోర్సు విన్న రైతు శాస్త్రవేత్త వద్దకు ‘ఏ మందు కొట్టాలి?’ అని కాక, ‘ఈ అంకెను ఏ పద్ధతిలో కొలిచారు?’ అని అడిగే స్థితిలో వెళ్లగలుగుతాడు. ధ్రువపత్రం లేకపోయినా ఆ కోర్సు సార్థకమైనట్లే.