పడవకు చిల్లి పెట్టకుండా చెరువు లోతు చూచిన వైనం

మాన్వి తాలూకా కాంపులలో ఉండే మనవారికి వేసవి వచ్చిందంటే ఒకటే లెక్క. కాలువ కట్టివేసిన నాటినుంచి చెరువు నీళ్ళు ఎన్నాళ్ళు వస్తాయి? పొలం మాట తరువాత, ముందు తాగడానికి కావాలి కదా. మా కాంపుకు కాలువ నీటితో నింపుకొనే చెరువు ఒకటి ఉన్నది. దాని లోతెంత అని అడిగితే పెద్దవారు తడుముకోకుండా "పన్నెండడుగులు" అంటారు. తవ్వించిననాడు దగ్గరుండి చూచినవారు కాబట్టి ఆ మాట కాదనడానికి ఎవరికీ నోరు రాదు. అయితే రెండేళ్ళనుంచి, పన్నెండడుగుల లెక్కన నెలా పదిహేను రోజులు రావలసిన నీళ్ళు నెల తిరగకుండానే అడుగంటుతున్నాయి. టాంకరు కోసం బిందెలతో ఎండలో నిలబడేది ఆడవారు గనుక, "అసలు లోతెంతో కొలిచి చూడరాదా?" అని ముందుగా అడిగినదీ వారే.

నిరుడు సంక్రాంతి సెలవులకు వచ్చిన మా కుర్రవాడొకడు హైదరాబాదునుంచి లోతు చూచే యంత్రం తీసికొని వచ్చాడు. చేపలు పట్టేవారు వాడే రకం. చిన్న తెర ఒకటి, దానికి తీగతో తగిలించిన అరచేయంత నల్లని బిళ్ళ ఒకటి. ఆ బిళ్ళను ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. పడవ కావలసి వచ్చింది. చెరువు వేలం పాడుకొని చేపలు పెంచే ఆయనకు ఫైబరు పడవ ఉన్నది. ఆయన సంతోషంగా ఒప్పుకొన్నాడు గాని, ఒక్క షరతు పెట్టాడు: "పడవ ఎన్నాళ్ళయినా ఉంచుకోండి బాబూ, చిల్లి మాత్రం పెట్టకండి." ఎరువు తెచ్చుకొన్న వస్తువు. ఆయన మాట న్యాయమే.

చిల్లి లేకుండా పని జరుగుతుందా అని కొందరు నవ్వారు. జరుగుతుంది. అదెట్లాగో చెప్పాలంటే ముందు బిళ్ళ చేసే పని చెప్పాలి. దానిలో ఉండే పలుకు విద్యుత్తు తగలగానే అతి వేగంగా అదురుతుంది. సెకనుకు రెండు లక్షల సార్లు అదిరే రకం మాది. ఆ చప్పుడు మన చెవికి వినపడదు. అది నీటిలో దిగి, అడుగున తగిలి, తిరిగి వస్తుంది. గాలిలో చప్పుడు సెకనుకు 340 మీటర్లు పోతే, మంచినీటిలో దాదాపు 1,500 మీటర్లు పోతుంది. పోయి రావడానికి పట్టిన కాలంలో సగం తీసికొని హెచ్చవేస్తే లోతు తెలుస్తుంది. 1912లో టైటానిక్ ఓడ మునిగిన తరువాత, మంచుకొండలను ముందుగా పసికట్టే ఉపాయం వెదుకుతూ అలెగ్జాండర్ బేం అనే జర్మనీ శాస్త్రజ్ఞుడు ఈ దారిన పడ్డాడు. మంచుకొండల సంగతి తేలలేదు గాని సముద్రం అడుగు తెలిసింది. 1913లో దానికి హక్కుపత్రం పుచ్చుకొన్నాడు.

ఈ చప్పుడుకు గట్టి ఫైబరు అడ్డు కాదు. కొంత బలం తగ్గినా దాటిపోతుంది. దానికి పగ గాలి ఒక్కటే. నీటినుంచి గాలిలోకి, గాలినుంచి నీటిలోకి పోవలసి వస్తే దాదాపు అంతా వెనక్కు తిరిగిపోతుంది. వెంట్రుక మందం గాలి పొర చాలు. కొయ్యలో గాలి గదులుంటాయి కాబట్టి నాటు పడవలో ఈ పద్ధతి సాగదు. తుంగభద్ర దాటించే పుట్టిలో అసలే సాగదు. అక్కడ బిళ్ళను కర్రకు కట్టి పక్కనుంచి నీటిలోకి దింపుకోవలసిందే.

ఫైబరు పడవలలో కూడా అన్ని చోట్లా ఒకటే గట్టి కాదని మాకు మొదటి పూటే తెలిసి వచ్చింది. పాలిథిన్ సంచిలో నీళ్ళు పోసి, బిళ్ళ అందులో ఉంచి, మూతి కట్టి, పడవ అడుగున తడిచేసి ఆ సంచిని ఆనించి చూడమని కుర్రవాడు చెప్పాడు. జిగురు పెట్టకముందు చోటు పరీక్షించడానికి ఇది మంచి ఉపాయం. మొదట బల్ల కింద, నీడగా ఉన్నదని, అక్కడ పెట్టాము. తెర మీద అంకె లేదు. యంత్రం చెడిపోయిందనే అనుకొన్నాము. తీరా చూస్తే, పడవ మునగకుండా అక్కడ రెండు పొరల నడుమ నురుగు అట్ట కూరి ఉన్నది. అట్ట అంటే గాలే కదా! తరువాత కొబ్బరికాయ చూచినట్లు వేలితో తట్టుకొంటూ, బోలు మోత లేని చోటు వెనుక భాగాన పట్టుకొన్నాము. ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే చోటు అది. అక్కడ సంచి పెట్టగానే అంకె నిలిచింది. బిళ్ళను పడవ పక్కనుంచి నేరుగా నీటిలో దింపి చూచినా అంతే వచ్చింది. రెండూ కలిస్తే చోటు కుదిరినట్లు.

సొంత పడవ అయితే ఎపాక్సీ జిగురుతో అంటించి వదిలేయవచ్చు. జిగురు కలిపేటప్పుడు గబగబా చిలికితే బుడగలు పడతాయి. మెల్లగా కలిపి, గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేసిన చోట పోసి, బిళ్ళను కొంచెం తిప్పుతూ అదిమి, లోపలి గాలి వెళ్ళిపోయేటట్లు చెయ్యాలి. ఎరువు పడవ కాబట్టి మేము మరో దారి పట్టాము. నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం జానెడు ముక్క కోసి, అడుగు వంపుకు సరిపడా దాని అంచు అరగదీసి, సిలికాను జిగురుతో నిలబెట్టాము. మరునాటికి ఆరింది. అందులో బిళ్ళ నేల చూపు చూచేటట్లు ఉంచి, మునిగేదాకా మినరల్ ఆయిలు పోశాము. చంటిపిల్లల ఒంటికి రాసే నూనెలలో కొన్ని ఇవే. వంటనూనె అయితే నాలుగు రోజులకు కంపు కొడుతుందని ఇంట్లోవారు ఇవ్వలేదు, మంచిపనే చేశారు.

అయినా మొదట అంకె గంతులు వేసింది. నాలుగు, పదకొండు, మళ్ళీ నాలుగు. నూనె ఒక్కసారిగా కుమ్మరించినందువల్ల బిళ్ళ ముఖాన సన్నని బుడగలు పట్టుకొన్నాయి. బిళ్ళను ఏటవాలుగా ఎత్తి, వాటిని పోనిచ్చి, అరగంట కదపకుండా ఉంచితే సర్దుకొన్నది. తెర మీద నీటి వేడి చూపే అంకె కూడా ఉంటుంది. పడవ లోపల పెట్టినప్పుడు దాన్ని నమ్మరాదు. అది చూపేది చెరువు నీటి వేడి కాదు, ఎండకు కాగిన నూనె వేడి.

ఇక చెరువు నడుమకు పోయాము. బిళ్ళ నీటి మట్టానికి అరడుగు కింద ఉన్నది కాబట్టి తెర చూపినదానికి అరడుగు కలపాలి. కలిపితే ఎనిమిది అడుగులు వచ్చింది. పడవలో మాతో వచ్చిన పెద్దాయన కృష్ణా జిల్లాలో పిల్లప్పుడు పడవల మీద తిరిగినవాడు. అడుగులు గుర్తువేసిన వెదురు గెడ తెచ్చాడు. అక్కడే దింపాడు. పదకొండున్నర! "నీ బొమ్మలపెట్టె మాట నేను నమ్మనురా మనవడా" అన్నాడు. చెరువు ఆవేళ నిండుకు అరడుగు తక్కువగా ఉన్నది, అంటే ఆయన పన్నెండడుగుల మాట నిజమే. కుర్రవాడు చిన్నబోయాడు. మేమూ నూనె చూచాము, తీగ చూచాము. మరి రెండు చోట్ల కొలిచినా ఇదే తేడా.

ఇంతలో పెద్దాయనే గెడ పైకి తీసి దాని వంక చూస్తూ ఉండిపోయాడు. కింద మూడడుగుల పైచిలుకు నల్లని మెత్తటి ఒండ్రు అంటుకొని ఉన్నది. గెడ ఒండ్రులో దిగి పాత గట్టినేలను తాకింది. చప్పుడు ఒండ్రు పైభాగాన్నే తాకి తిరిగి వచ్చింది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఆ రెంటికీ నడుమ ఉన్న మూడున్నర అడుగులే మా ఆడవారు టాంకరు దగ్గర నిలబడ్డ రోజులు. "అయితే నీళ్ళు ఎనిమిదే అన్నమాట" అని ఆయన మెల్లగా అన్నాడు. ఆ చెరువు గట్టు మీద ఆయన తట్ట మోసినవాడు.

పెద్ద ఆనకట్టలోనూ కథ ఇంతే. 1950, 60లలో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుంచి మన పెద్దలు ఇక్కడి నల్లరేగడి కొన్నది, 1953లో నిండిన తుంగభద్రను చూచి. ఆనాడు అందులో 133 టీఎంసీల నీరు పడుతుందన్నారు. 2016 సర్వే ప్రకారం పట్టేది 105.788. అయిదో వంతు చోటు ఒండ్రుది. 227 కిలోమీటర్ల ఎడమ కాలువలో మాన్వి కొసవైపున ఉన్నది కాబట్టి పైన తగ్గిన ప్రతి చుక్కా ముందు మనకే తెలుస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు దేశమంతా చూచింది, వారం తిరిగేసరికి అడ్డుపలకలు దింపి నీరు ఆపారు. ఒండ్రు మాత్రం గేటు వలె ఒక రాత్రి పోయేది కాదు, ఏటేటా వచ్చి చేరేది. పడవ మీద తిరిగి చప్పుడుతో కొలిస్తే తప్ప అది ఎవరికీ కనపడదు.

ఆనకట్ట మాట మన చేతిలో లేదు. మా చెరువు మాట ఉన్నది. గట్టు పొడుగునా పది బారలకొక వరుస చొప్పున పడవ నడిపి, తెర అంకె ఒక పక్క, గెడ అంకె ఒక పక్క కాగితం మీద వేసుకొన్నాము. తూము దగ్గర ఒండ్రు ఎక్కువ, తూర్పు మూలన తక్కువ. ఆ కాగితం పట్టుకొనే కాంపు పెద్దలు, వచ్చే వేసవిలో అడుగు ఎండినప్పుడు తూము వైపునుంచి ఒండ్రు ఎత్తించాలని నిర్ణయించారు. ఎవరి బండి వారు తెచ్చుకొని తోలుకొంటే పొలాలకు ఎరువు కూడా అవుతుంది. చెప్పిన మాట ప్రకారం గొట్టం ఊడదీసి పడవ అప్పగించబోతే, చేపలాయన వద్దన్నాడు. మేము చెరువు లోతు చూచుకొంటున్నన్నాళ్ళూ ఆయన మా వెనుక కూర్చుని, తెర మీద చేపలు ఏ మూల ఉన్నాయో చూచుకొంటున్నాడట.