సాగరగర్భపు కేబులు, బడిపిల్లల పాఠము: కొన్ని అపోహలు, వాస్తవములు

అండమాన్ నికోబార్ ద్వీపములలో 2011 జనగణన ప్రకారము నూటికి సుమారు పదుమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో పెక్కురు శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములనుండి ఓడలెక్కి పోయినవారి సంతతి. కావున అచ్చటి బడులలో డిజిటల్ విద్య ఎవరికి అందుచున్నది, ఎవరికి అందుట లేదు అనునది మనకు పరాయి ముచ్చట కాదు.

అపోహ: సముద్రపు కేబులు వచ్చినది గనుక ద్వీపముల వెనుకబాటు తీరినది.

వాస్తవము: అంతకుమున్ను ఉపగ్రహమే దిక్కైన ద్వీపవాసులకు, చెన్నైనుండి సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున కడలి యడుగున పరచి 2020 ఆగస్టు 10వ తేదీన ప్రారంభించిన ఆప్టికల్ ఫైబర్ కేబులు చేసిన మేలు సామాన్యమైనది కాదు. అయినను అది ఒడ్డెక్కినది పోర్ట్‌బ్లెయర్ (2024నుండి శ్రీవిజయపురము), స్వరాజ్ ద్వీపము, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్ అను ఎనిమిది తావులయందే. కచ్చాల్, తెరెస్సా, చౌరా ద్వీపములు ఆ పట్టికలో లేవు. ఒడ్డెక్కిన చోటను, కేబులునకును పిల్లవాని చేతికిని నడుమ టవరున్నది, కరెంటున్నది, తండ్రి జేబులోని రీచార్జి సొమ్మున్నది.

అపోహ: పిల్లకొక ట్యాబు నిచ్చిన సమత్వము సిద్ధించును.

వాస్తవము: పెరూ దేశము బడిపిల్లలకు లక్షలకొలది లాప్‌టాపులను పంచిపెట్టినది; అయినను గణితమునందు గాని భాషయందు గాని మార్కులు పెరిగిన జాడ 2012లో వెలువడిన పరిశీలనకు కానరాలేదు.

అపోహ: నెట్ లేనిచోట డిజిటల్ చదువు లేదు.

వాస్తవము: 2017లో ఆరంభమైన దీక్ష అను ప్రభుత్వ విద్యావేదికలోని పాఠములను సిగ్నలున్న చోట డౌన్‌లోడు చేసికొని, లేనిచోట చూపవచ్చును. పీఎం ఈ-విద్య టీవీ చానళ్లకు నెట్‌తోనే పనిలేదు, అవి డిష్ యాంటెన్నాద్వారా వచ్చును. ద్వీపములకు ఇంతకంటె తగిన సాధనము మరియొకటి లేదని నా యభిప్రాయము.

అపోహ: తెలుగు పాఠము తెరపై కనబడినచో తెలుగు పిల్లలందరికిని అందినట్లే.

వాస్తవము: ఇచ్చటనే అసలు చిక్కున్నది. దీక్షలోని తెలుగు పాఠములు చాలవరకు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల పాఠ్యప్రణాళికల ననుసరించినవి. ద్వీపముల బడులు సీబీఎస్ఈ ప్రణాళికను అనుసరించును. ఏ పాఠము దేనికి సరిపడునో పోల్చి చూపు భారము ఉపాధ్యాయునిమీద పడును. అంతకంటె విచారకరమైనది చూపులేని పిల్లల సంగతి. తెరపైనున్న తెలుగును పైకి చదివి వినిపించు ఎన్‌వీడీఏ అను సాఫ్ట్‌వేరు ఉచితముగనే దొరకును. కాని మన పాఠ్యపుస్తకములను యూనికోడు కాని ‘అను’ ఫాంట్లలోనో, స్కాను చేసిన బొమ్మలుగనో పీడీఎఫ్ చేసి పెట్టినపుడు అవి కంటికి మాత్రమే తెలుగు. మౌసుతో ఒక పదమును కాపీ చేసి వేరొక పుటలో పేస్టు చేసి చూడుడు: యూనికోడైనచో తెలుగు తెలుగుగనే దిగును, ‘అను’ ఫాంటైనచో అర్థములేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు రాలిపడును, బొమ్మయైనచో పదమే పట్టుబడదు. యంత్రము ఆ గుర్తులనే వల్లించును, లేదా మూగవోవును. అచ్చు అందముగా నున్నదని మురియు మన ప్రచురణకర్తలకు ఈ సంగతి తట్టకపోవుట వింత.

చట్టము నిర్ణయించిన మేరకు (బెంచ్‌మార్క్) వైకల్యముగల పిల్లలకు పదునెనిమిదేండ్లవరకు పుస్తకములను, తగిన పరికరములను ఉచితముగా నీయవలయునని 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము విధించుచున్నది గనుక ఇది దయాదాక్షిణ్యముల విషయము కాదు.

విజయవాడయందు గాని హైదరాబాదునందు గాని తెలుగు పాఠము తయారుచేయువారలారా, దానిని యూనికోడులో టైపు చేయింపుడు; బొమ్మ క్రింద అదేమో రెండు వాక్యములలో వ్రాయింపుడు; వేదికపై పెట్టుటకు ముందు, చూపులేని విద్యార్థి నొకనిని కూర్చుండబెట్టి ఆ పాఠమును వినిపింపుడు.