గుర్రపుడెక్క: చట్టము, చెరువు



గుర్రపుడెక్కను మీరందఱు నెఱుగుదురు. దాని పుట్టినిల్లు దక్షిణామెరికా ఖండమందలి అమెజాను నదీప్రాంతము. ఊదారంగు పూవును చూచి ముచ్చటపడినవారే దానిని దేశదేశములకు గొనిపోయిరి.

ఈ మొక్క తీగ సాచి పిల్లలు పెట్టును. అనుకూలమైన నీటిలో రెండు వారములకే రెట్టింపగును. విత్తనము అడుగుబురదలో పదునైదేండ్లకు పైగా చావక యుండగలదు. నీటిపై చాపవలె పఱచుకొని వెలుతురును గాలిని అడ్డగించుటచే చేపలకు ప్రాణవాయువు కఱవగును. కాలువల పాఱుదల మందగించును.

దీనికి చట్టమేల యని కొంద ఱడుగుదురు. ఒకని పెరటిలోని పిచ్చిమొక్క వానినే బాధించును. ఒకని మడుగులోని గుర్రపుడెక్క వరదతో పది యూళ్లకు పోవును. అందుచేతనే బర్మాలో 1917లో దీనిపై శాసనము పుట్టినది. వంగదేశమున 1921లో జగదీశచంద్ర బోసుగారి యధ్యక్షతను విచారణసంఘ మేర్పడినది. 1936లో శాసనము వచ్చినది. దాని సారమిది: మొక్కను బుద్ధిపూర్వకముగా పెంచరాదు, అధికారి తాఖీదు పంపినచో, భూమి ననుభవించువాడు తన నీటిలోని దానిని నాశనము చేయవలెను.

ఈ నియమముల విలువ నాకు ఆలస్యముగా తెలిసినది. నేను పంతులుగా నున్న యొక యూర వేసవిలో పిల్లలు, పెద్దలు కలిసి చెరువును శుభ్రము చేసిరి. తీసినదంతయు గట్టు లోవైపుననే కుప్ప వేయించితిని. ఎగువ కాలువ మాది కాదని విడిచితిమి. తొలకరి వానకు కుప్ప జాఱినది. కాలువ మఱికొంత తెచ్చినది. సంక్రాంతి నాటికి చెరువు మరల పచ్చబడినది. శ్రమ పిల్లలది, తప్పు నాది.

దీనిని మాత్రమే తిని బ్రదుకు ముక్కుపురుగులను 1982లో బెంగుళూరునకు తెప్పించి, పరీక్షించి, పిమ్మట నీటిలో విడిచిరి. అవి మేలు చేయునవే కాని, వాని పని నెమ్మది. మన చేతిపని తప్పదు.

కావున ఎగువ, దిగువ గ్రామములు ఒకే వారమున పూనుకొనవలెను. పూవు పూయక మునుపే తీయవలెను. తీసినదానిని నీరు చేరని మెఱకకు మోయవలెను. ఇంటి తొట్టిలోని మొక్కను కాలువలో పాఱవేయరాదు. మరుసటి యేడును చూడవలెను. బురదలోని విత్తనము మన మఱపునకై కాచుకొని యుండును.

చట్టము తాఖీదు పంపగలదు. పొరుగూరితో మాటాడవలసినవారు పెద్దలైన మీరే.