వంచిన తలకు తర్జుమా

2010 ఫిబ్రవరి 24వ తేదీన వాషింగ్టను నగరమునందు, అమెరికా ప్రతినిధిసభవారి పర్యవేక్షక సంఘము ఎదుట కుడిచేయి పైకెత్తి ప్రమాణము చేసిన టయోటా మోటారు సంస్థాధ్యక్షుడు అకియో టయోడా, తన తొలి వాఙ్మూలమును ఇంగ్లీషున నిదానముగా చదివి, ప్రశ్నలు ఆరంభము కాగానే జపాను భాషలోనికి మరలెను. ఆయన ఇంగ్లీషు రానివాడు కాడు. యౌవనమున అమెరికాలోనే బాబ్సన్ కళాశాలలో వ్యాపారశాస్త్రము చదివి పట్టము పుచ్చుకొన్నవాడు. అట్టివానికి దుబాసి యేల యని చూపరులకు తోచుట సహజమే.

అంతకు ఆరుమాసముల ముందు, కాలిఫోర్నియాలో శాన్ డియాగో సమీపమున ఒక లెక్ససు కారు అదుపు తప్పి నలుగురి ప్రాణములు తీసినది. కాళ్లక్రింద పరచు పట్టా అడ్డుపడి ఆక్సిలరేటరును నొక్కిపట్టినది. పిమ్మట పట్టాల దోషమునకును, అంటుకొనిపోవు పెడళ్ల దోషమునకును సంస్థవారు ప్రపంచమంతట 80 లక్షలకు పైబడిన వాహనములను వెనుకకు పిలిపించవలసివచ్చెను. ఈ కాలమున అధ్యక్షుడు బహిరంగముగా పలికినది బహుస్వల్పము. నిజము తేలనిదే పెద్దవాడు నోరు విప్పకుండుట ఒకచోట బాధ్యతగా గణ్యమైనను, వేరొకచోట అదియే దాపరికముగా కనబడును. ఫిబ్రవరి 5వ తేదీ రాత్రి నగోయాలో ఆయన పత్రికలవారి యెదుట తల వంచగా, ఆ వంపు చాలలేదని విమర్శ వచ్చెను. జపానులో నడుము ఎంతమేర వంగినదన్నదియు ఒక వాక్యమే. దానిని తర్జుమా చేయగల దుబాసి ఎవ్వడు?

మాటల సంగతియు అంతియే. జపానువారు గాఢమైన క్షమాపణకు వాడు 'మోషివాకె గొజైమసెన్' అను పలుకునకు, చెప్పుకొనుటకు సాకు లేదని అక్షరార్థము. మిమ్ము కలతపెట్టితిమి అను మర్యాద దానిలో ప్రధానము. అమెరికా న్యాయవాది చెవికి అదియే నేరాంగీకారముగా వినిపించవచ్చును. మన రైల్వేస్టేషనులలో బండి ఆలస్యమైనప్పుడు 'అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని వినబడును గాని, తప్పు మాదేయని వినబడదు గదా! చింతకును ఒప్పుకోలునకును నడుమనున్న ఆ సన్నని గీత ఏ భాషలో ఎచ్చట పడునో దుబాసి ఎరిగియుండవలెను. జపాను భాషలో 'హాయ్' అనుట అవునని అంగీకరించుటయే కానక్కరలేదు, వినుచున్నానని తెలుపుటయు కావచ్చును. ప్రమాణము చేసినవాని నోట ఆ యొక్క పలుకు ఎంతటి అనర్థమునకు దారితీయునో ఊహింపుడు.

సంఘసభ్యునికి ప్రశ్నింప ఐదేసి నిమిషములే గడువు. ప్రశ్న, దాని తర్జుమా, ఉత్తరము, మరల దాని తర్జుమా — ఇట్లు కాలము సగము కరగిపోవుచుండగా సభ్యులు విసుగుచెందిరి. నా మట్టుకు టయోడా చేసినది సరియే. మృతుల ఊసు వచ్చినచోట, ప్రమాణబద్ధుడైనవాడు తాను పూర్తిగా ఏలుకొనగల భాషలోనే మాటాడుట వినువారియెడల గౌరవము. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య కాలమునుండియు, సాక్షి మాటకు న్యాయపీఠము వేచియుండుట మనవారు ఎరిగినదే.

ఆ వాఙ్మూలములో ఏ భాషలోనైనను నిలుచు మాట ఒకటి కలదు. తొలుత భద్రత, పిదప నాణ్యత, ఆ తరువాతనే అమ్మకపు పరిమాణము అను తమ పూర్వక్రమము వేగపు పెరుగుదలలో తారుమారైనదని ఆయన ఒప్పుకొనెను. ప్రతి కారుమీదను తన పేరే యున్నదనెను. సంస్థకు ఆయన వంశనామమే ఒక హల్లు మార్పుతో పేరైనది. ఆనాడే డీలర్లను, అమెరికా ఉద్యోగులను కలిసికొన్నప్పుడు ఆయనకు కన్నీరు ఆగలేదు.

అయినను అసలు దూరము భాషది కాదు. అమెరికాలో కొన్నవాని ఫిర్యాదు ఎచ్చట పుట్టినను, వాహనములను వెనుకకు పిలుచు నిర్ణయము జపానులోని కేంద్రకార్యాలయముననే జరుగుచుండెను. అమెరికా శాఖవారు వినగలిగిరే గాని తేల్చలేకపోయిరి. అందువలననే ఆ యేడు ప్రాంతమునకొక నాణ్యతాధికారిని నియమించి, నిర్ణయములో వారి మాటకు చోటు కల్పించిరి. నాసా ఇంజనీర్ల తోడ్పాటుతో జరిగిన పరీక్ష, వేగము పెరుగుటకు ఎలెక్ట్రానిక్ దోషము కారణమను ఆధారము లేదని 2011లో తేల్చెను. కాని 2014లో, భద్రతావిషయమున కొనుగోలుదార్లను తప్పుదారి పట్టించితిమని సంస్థవారే అంగీకరించి, అమెరికా ప్రభుత్వమునకు 120 కోట్ల డాలర్లు చెల్లించిరి. అంతకు నాలుగేండ్ల ముందు టయోడా చదివిన కాగితములో ఆ మాట లేదు.