గండి దాటిపోయే పిట్టలు

కొండ తెగి ఏటికి దారి ఇచ్చిన చోటును గండి అంటారు. కడప జిల్లాలో ఇలాంటి గండ్లు రెండు పేరు మోశాయి. జమ్మలమడుగు దగ్గర పెన్నానది ఎర్రమల కొండలను కోసుకుపోయిన చోటు గండికోట. వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండలను చీల్చుకుని వచ్చిన చోటుకు వేరే పేరు లేదు, గండి అనే అంటారు. అక్కడ వీరాంజనేయస్వామి గుడి ఉన్నది. లంక నుంచి తిరిగి వచ్చే రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఈ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడని స్థలపురాణం చెబుతుంది.

పిల్లలూ, ఆ తోరణం మనకు కనిపించదు గాని, ఆ గాలిదారిన పోయే బాటసారులు మాత్రం ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళను చూడాలంటే ఉగాదికి కాస్త ముందో వెనకో ఒక ఆదివారం తెల్లవారకముందే పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని గండికి వెళ్ళండి. ఎర్రచొక్కాలూ పచ్చచొక్కాలూ వద్దు, మట్టిరంగు బట్టలు కట్టుకోండి. ఒక నోటుపుస్తకం, పెన్సిలు, తాగటానికి నీళ్ళు ఉంటే చాలు. దుర్భిణి ఉంటే మరీ మంచిది.

ముందుగా ఏటి ఒడ్డున ఉన్న రాళ్ళ కేసి చూడండి. తోకను పైకీ కిందికీ ఆడిస్తూ పరుగెత్తే పిట్ట కనిపిస్తే అది కాటుకపిట్ట. మన కవులు అందమైన కళ్ళను పోల్చిన ఖంజనం ఇదే. అయితే కాటుకపిట్టలన్నీ ఒకటి కావు. వీపు నల్లగా ఉండి, కంటి పైన తెల్లని కనుబొమ గీసినట్టు ఉంటే అది మన ఊరిదే, ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది. వీపు బూడిదరంగుగా ఉండి, మనిషి సన్నగా ఉంటే అది చుట్టం. చలికాలానికి ఉత్తరాది నుంచి వచ్చింది, ఇప్పుడు తిరుగు ప్రయాణంలో ఉన్నది.

తరవాత చెట్ల కేసి తల ఎత్తండి. చింతచెట్టు ఆకుల్లో "చి-వీ, చి-వీ" అని ఎవరో పిలిచినట్టు వినిపిస్తుంది. పిట్ట మాత్రం ఒక పట్టాన కనపడదు. ఆకుపచ్చగా, ఆకు అంతే ఉంటుంది. దీన్ని గ్రీనిష్ వార్బ్లర్ అంటారు. దీని బరువు ఎంతో తెలుసునా? ఇంచుమించు మన పది రూపాయల నాణెం అంత! అంతటి ప్రాణి హిమాలయాలకూ, వాటిని దాటి మధ్య ఆసియాకూ వెళ్ళి గూడు కట్టుకుంటుంది.

ఇంత కష్టపడి పోవటం దేనికి? కారణం పిల్లలే. వేసవిలో మన దగ్గర ఎండలు ముదిరి ఆకు రాలుతుంది, పురుగులు తగ్గిపోతాయి. జూన్ నెలలో కడపలో పగలు సుమారు 13 గంటలు ఉంటే, ఉత్తరాన రష్యాలోని కొన్ని చోట్ల 18 గంటలు దాటుతుంది. అక్కడ ఆ కాలంలో పురుగులకు కొదవ లేదు. పగలు ఎంత ఎక్కువైతే తల్లి తన కూనలకు అంత ఎక్కువ మేత తేగలదు. చలి మొదలయ్యేసరికి అక్కడ పురుగులు ఉండవు, అందుచేత మళ్ళీ మన చింతచెట్టే గతి.

ప్రయాణానికి ముందు ఈ పిట్టలు బాగా తిని ఒంట్లో కొవ్వు చేర్చుకుంటాయి. వాటికి దారిబత్తెం అదే. చిన్న పిట్టలు చాలా మటుకు రాత్రిపూటే ఎగురుతాయి. అప్పుడు గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, డేగల భయం తక్కువ. మరి చీకట్లో దారి ఎలా తెలుస్తుంది? 1960లలో అమెరికాలో స్టీఫెన్ ఎమ్లెన్ అనే శాస్త్రజ్ఞుడు పిట్టలను నక్షత్రశాలలో ఉంచి పరీక్షించాడు. ఆకాశమంతా తిరుగుతున్నా ధ్రువనక్షత్రం ఉన్న చోటు తిరగదు గదా! పిల్లపిట్టలు గూటిలోంచి బయటికి వచ్చిన కొత్తలో ఆ తిరగని చోటును గుర్తుపట్టి, దిక్కు నేర్చుకుంటాయని తేలింది. భూమికి ఉన్న అయస్కాంత శక్తి కూడా వాటికి తోడ్పడుతుంది.

ఇక మోదుగ, బూరుగ చెట్లు పూసి ఉంటే వాటి మీద గోలగోలగా ఒక గుంపు కనిపించవచ్చు. తల నల్లన, ఒళ్ళు గులాబిరంగు. ఇవి పాలిసలు. గులాబి గోరింకలని కూడా అంటారు. పూలలో తేనె తాగి ఏప్రిల్‌లో బయలుదేరుతాయి. వీటి మాట ఎత్తితే మన రైతులకు కోపం వస్తుంది. ఎందుకు రాదు? చేలో జొన్న కంకి పాలు పట్టి గింజ కట్టేవేళ గుంపులుగా వాలి దులిపేస్తాయి. మంచె ఎక్కి వడిసెల తిప్పి, గొంతు పోయేలా అరవటం ఎంత కష్టమో మీ అవ్వాతాతలను అడగండి.

కాని ఇదే పిట్ట మధ్య ఆసియాలో రైతుకు బంధువు. అక్కడ తన పిల్లలకు మిడతలను తెచ్చి పెడుతుంది. చైనాలోని షింజియాంగ్‌లో ఈ పిట్టలు గూడు పెట్టుకోవటానికి రాళ్ళు పేర్చి ఇళ్ళే కట్టారు! ఒకరికి దొంగ, ఇంకొకరికి కాపలాదారు. ఇద్దరు చెప్పేదీ నిజమే. కంకిని కాపాడుకోవాలి, పిట్టనూ చంపకూడదు. మన పెద్దలు వడిసెలతో బెదరగొట్టి పంపేసిన పద్ధతిలో ఈ రెండూ ఉన్నాయి. అడవిపిట్టలను చంపటం, పట్టటం 1972 నాటి చట్టం ప్రకారం నేరం కూడాను. అందుచేత ఉండేలు ఇంట్లోనే పెట్టి రండి.

ఇంకొక మాట. తిరిగివచ్చేటప్పుడు దారిలో తుమ్మ, కలివి పొదలున్న బీడు కనిపిస్తే "ఇక్కడ ఏముందిలే" అనకండి. కలివికోడి అనే పక్షి 1900 తరవాత ఎవరికీ కనపడక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లాలోనే, అలాంటి పొదల్లోనే అది మళ్ళీ దొరికింది. దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది. ప్రయాణం చేసే పిట్టలకూ ఆ పొదలు కావాలి. వేలమైళ్ళ దారిలో ఒక్క రాత్రి మజిలీ దొరకకపోతే కొవ్వు కరిగిపోయిన పిట్ట మర్నాడు లేవలేదు.

మరి మీరు చేయగల పని ఏమిటి? ఇంటి దగ్గర చెట్టులో వినిపించే ఆ "చి-వీ" పిలుపు ఏ రోజు ఆఖరుసారిగా విన్నారో తేదీ వేసి రాయండి. ఎండలు పోయి, వానలు తగ్గి మళ్ళీ ఏ రోజు మొదటిసారి విన్నారో అదీ రాయండి. 2007లో మొదలైన మైగ్రెంట్‌వాచ్ అనే పథకంలో దేశమంతటా మామూలు మనుషులు ఇలాగే తేదీలు రాసి పంపారు. ఆ పిట్ట ఎక్కడెక్కడికి పోయి వచ్చిందో మీ చెట్టు చెప్పదు. వచ్చిందా రాలేదా అన్నది మాత్రం మీ పుస్తకం చెబుతుంది.