‘గ్రేట్ వెస్టర్న్’ – ఒక కొయ్య పొగయోడ చరిత్రము

మనము ద్వీపవాసులము. మన పెద్దలు ఓడనెక్కియే ఈ నేలపై కాలు మోపిరి. వారు వ్రాసిన ఉత్తరములును, వారికి వచ్చిన ఉత్తరములును ఓడలలోనే సముద్రము దాటెను. కాబట్టి ఓడ కథ మనకు పరాయి కథ కాదు. గాలి దయపై ఆధారపడక మహాసముద్రమును దాటుట మానవుడెట్లు నేర్చెనో తెలిసికొనగోరువారు ‘గ్రేట్ వెస్టర్న్’ అను కొయ్య పొగయోడ చరిత్రమును తప్పక తెలిసికొనవలెను.

తెరచాపల కాలమున ఇంగ్లండు నుండి అమెరికాకు పోవు ఓడ ఎన్నడు చేరునో నిశ్చయముగా చెప్పగలవారు లేరు. ఎదురుగాలి వీచినచో ప్రయాణము నెల దాటియు సాగుచుండెను. ఆవిరియంత్రము వచ్చిన పిమ్మట నదులలోను, తీరముల వెంటను చక్రపు ఓడలు తిరుగసాగెను. కాని మహాసముద్రము దాటుటకు బొగ్గు అడ్డమై నిలిచెను. దూరము పెరిగినకొలది బొగ్గు ఎక్కువ కావలెను. బొగ్గు ఎక్కువైనకొలది ఓడ పెద్దది కావలెను. పెద్ద ఓడను నడుపుటకు మరింత బొగ్గు కావలెను. ఈ చిక్కు ఎన్నటికిని తీరదని పెక్కురు తలంచిరి.

ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ అను ఇంజనీరు ఈ లెక్కలోని పొరపాటును గ్రహించెను. ధాన్యపు గాదె పొడవును, వెడల్పును, ఎత్తును రెట్టింపు చేసినచో అందులో పట్టు ధాన్యము ఎనిమిది రెట్లగును. గోడల వైశాల్యము నాలుగు రెట్లే అగును. ఓడయు అట్టిదే. అది మోయగల బరువు ఎనిమిది రెట్లు పెరుగగా, దానికి నీరు కలిగించు అడ్డు సుమారు నాలుగు రెట్లే పెరుగును. కనుక చిన్న ఓడకు చాలని బొగ్గు పెద్ద ఓడకు మిగులును.

ఈ నమ్మకముతో బ్రిస్టలు రేవులో విలియం పాటర్సన్ ఓక్ కలపతో ఓడను నిర్మించెను. 1837 జూలై 19న అది నీటిలో దిగెను. పొడవు 236 అడుగులు. అలల తాకిడికి నడుము విరుగకుండ దానిని ఇనుముతో బిగించిరి. ఇరుప్రక్కల 28 అడుగులకు మించిన చక్రములు, లండనులో మాడ్‌స్లే కర్మాగారము చేసిన రెండు యంత్రములు, తోడుగా నాలుగు స్తంభములపై తెరచాపలు అమర్చిరి.

1838 మార్చి 31న ఓడ లండను విడిచి బ్రిస్టలుకు బయలుదేరగా బాయిలరుపై కప్పిన పొర అంటుకొనెను. చూడబోయిన బ్రూనెల్ కాలిన నిచ్చెన విరిగి, క్రింద నున్న క్లాక్స్‌టన్ అను మిత్రునిపై పడి ప్రాణములు దక్కించుకొనెను. ఈ వార్త విని ప్రయాణికులలో సుమారు ఏబదిమంది మానుకొనిరి. ఏప్రిల్ 8న ఓడ న్యూయార్కుకు సాగునప్పుడు అందున్న ప్రయాణికులు ఏడుగురే.

అంతకు నాలుగు దినములు ముందే పోటీదారుల చిన్న ఓడ ‘సిరియస్’ ఐర్లండులోని కార్క్ రేవు విడిచెను. అది ఏప్రిల్ 22న, బొగ్గు దాదాపు ఉడిగిపోగా, న్యూయార్కు చేరెను. మరునాడే ‘గ్రేట్ వెస్టర్న్’ వచ్చెను. పదునైదు దినముల చిల్లరలో సముద్రము దాటిన ఆ ఓడలో ఇంకను సుమారు 200 టన్నుల బొగ్గు మిగిలియుండెను. పందెము సిరియస్‌ది, లెక్క మాత్రము బ్రూనెల్‌దే నెగ్గెను.

అయితే లెక్క ఒక్కటే ఓడను నడుపలేదు. ఓడ అడుగున మండు కొలుముల ముందు పనివారు రేయింబవళ్లు వంతులవారీగా పార పట్టిరి. దగ్గరి బొగ్గు తరిగినకొలది దూరపు కొట్ల నుండి మోసి తేవలసివచ్చెను. బాయిలరులలో సముద్రపు నీరే కాగుటచే, ఉప్పు పేరుకొనకుండ మధ్యమధ్య ఆ నీటిని వెడలగొట్టవలసియుండెను. న్యూయార్కు చేరిన పిమ్మట ఇట్టి పనిలోనే ప్రధాన యంత్రాధికారి జార్జ్ పియర్న్ ఒడలు కాలి మరణించెను. ఊరంతయు రేవున ఉత్సవము చేసికొనుచుండగా, ఓడను అచ్చటికి చేర్చినవాడు ఇల్లు చేరలేదు.

సిరియస్ కొలది ప్రయాణములతోనే ఆ దారి విడిచెను. ‘గ్రేట్ వెస్టర్న్’ ఎనిమిది సంవత్సరములు ఆ మార్గమున తిరిగెను. ప్రభుత్వపు తపాలా ఒప్పందము శామ్యూల్ కునార్డ్‌కు దక్కెను. 1846లో అదే కంపెనీవారి ఇనుప ఓడ ‘గ్రేట్ బ్రిటన్’ ఐర్లండు తీరమున ఇసుక మేట పట్టగా కంపెనీ కుదేలయ్యెను. 1847లో ‘గ్రేట్ వెస్టర్న్’ను రాయల్ మెయిల్ కంపెనీ కొనెను. అటుపై అది వెస్టిండీసులోని చెరకు తోటల ద్వీపములకు ఉత్తరములు మోసెను; క్రిమియా యుద్ధకాలమున సైనికులను మోసెను. 1856లో థేమ్సు ఒడ్డున దానిని విడగొట్టిరి.

మొదట చేరినదన్న పేరు దానికి దక్కలేదు. కాని చెప్పిన దినమునకు ఓడ వచ్చునను నమ్మకమును రేవున ఎదురుచూచువారికి అది కలిగించెను. ఆ నమ్మకము విలువ ద్వీపవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఓడ పేరు తలచునప్పుడు, దాని అడుగున బొగ్గు మోసి పేరు లేకపోయిన చేతులను కూడ తలచుట మనకు ధర్మము.