పెద్దలు తమ కాళ్ళ మీద తాము నడవాలంటే



మీరు అమ్మనో, నాన్ననో, అత్తగారినో, తాతనో వెంటబెట్టుకొని మా ఆసుపత్రికి వస్తారు. డాక్టరుగారు చూసి చీటీ రాసిన తర్వాత వరండాలో నన్ను ఆపి అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "సిస్టరమ్మా, ఇంటికి తీసుకెళ్ళాక ఎలా చూసుకోవాలి?" అది నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన ఉద్దానంలో ముసలివారు తమ పని తాము చేసుకుంటూ ఇంట్లో హాయిగా ఉండాలంటే రెండు బాగుండాలి. ఒకటి మోకాళ్ళు, రెండు కిడ్నీలు. వీటికీ వాటికీ సంబంధం ఏమిటంటారా? మధ్యలో ఉన్నది నొప్పి మాత్ర.

పలాస దగ్గర ఊరి నుండి ఒక పెద్దామెను కొడుకు తీసుకొచ్చాడు. ఆకలి లేదు, నీరసం, అంతే. కాళ్ళవాపు లేదు, బి.పి. కూడా పెద్దగా లేదు. ఏమేం మందులు వాడుతున్నావమ్మా అని అడిగితే, "జీడిపిక్కలు కొట్టీ కొట్టీ మోకాళ్ళు పట్టేసినాయమ్మా. పొద్దున ఓటి, రాత్రి ఓటి ఆ మాత్ర ఏసుకుంటేగానీ లెగనేను" అంది. నాలుగేళ్ళుగా అదే మాత్ర. రక్తపరీక్ష చేస్తే కిడ్నీల పని సగానికి పైగా పోయింది. ఆ మాత్ర ఒక్కటే కారణమని నేననను. కానీ పాడవుతున్న కిడ్నీ మీద అది రోజూ పడిందన్నది నిజం. కొడుకు బెంచీ మీద కూలబడి, "నేనే కొని తెచ్చానమ్మా, నెల తప్పకుండా" అన్నాడు. తల్లి మీద ప్రేమతోనే తెచ్చాడు. ఆ కుర్రవాడి ముఖం తలచుకొనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. నీరా, ఎండా, పురుగుమందులా, వంశంలో ఉన్నదా అని ఎందరో పరిశోధించారు. ఇదీ కారణమని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుండి వంశధార నీటిని ఈ గ్రామాలకు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. కారణం తేలేవరకు మన చేతిలో ఉన్నది, తెలిసిన హానిని ఇంట్లోకి రానివ్వకపోవడం. తెలిసిన హానిలో మొదటిది రోజువారీ నొప్పి మాత్ర.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, పైరాక్సికామ్, ఈ పేర్లు అట్ట మీద ఉన్నాయేమో చదవండి. చాలా మాత్రల్లో పారాసిటమాల్‌తో పాటు వీటిలో ఒకటి కలిసి ఉంటుంది. "పారాసిటమాలే కదా" అని మోసపోకండి. ఊళ్ళో వేసే నొప్పి ఇంజెక్షన్లలోనూ ఎక్కువగా ఇదే మందు. ఇవి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. వయసులో ఉన్న మనిషి నాలుగు రోజులు వాడితే తట్టుకోవచ్చు. ముసలి శరీరం, అందులో ఎండలో జీడితోటకు వెళ్ళి చెమటతో నీరు పోగొట్టుకున్న శరీరం, తట్టుకోలేదు. బి.పి. మాత్రలు, నీరు తీసే మాత్రలు వాడేవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. పేరు తెలియని భస్మాలు, పొడులు కూడా ఇవ్వవద్దు. వాటిలో ఏం కలుపుతారో మనకు తెలియదు.

మరి నొప్పికి ఏం చేయాలి? ఒట్టి పారాసిటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో వాడవచ్చు. వేడినీళ్ళ కాపడం పెట్టండి. అన్నిటికంటే మేలు చేసేది తొడ కండరాలకు బలం. కుర్చీలో కూర్చోబెట్టి ఒక కాలు నేరుగా ముందుకు చాపమనండి, అయిదు లెక్కపెట్టేవరకు అలాగే ఉంచి దించమనండి. ఒక్కో కాలికి పదిసార్లు, పూటకోసారి. తర్వాత చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ముందు మూడుసార్లు, వారాల మీద పదిసార్లు. మీరు పక్కనే నిలబడండి, చేయి మాత్రం ఇవ్వకండి. నెల రోజులకు తేడా కనబడుతుంది. మాత్రలా గంటలో పనిచేయదు గనుక చాలామంది మధ్యలోనే మానేస్తారు, అదే బాధ. నేల మీద గంటల తరబడి మఠం వేసుకొని పిక్కలు కొట్టడం, బియ్యం ఏరడం మాన్పించి, ఎత్తుపీట, బల్ల ఏర్పాటు చేయండి. పని మాన్పించవద్దు.

ఈ చివరి మాట నేను నష్టపోయి నేర్చుకున్నది. మా అమ్మ పల్లెలో ఒంటరిగా ఉండేది. కోళ్ళకు గింజలు వేసేది, వాకిలి ఊడ్చేది. ఒకరోజు జారిపడింది. ఎముక విరగలేదు. అయినా భయపడి నా దగ్గరకు తెచ్చుకున్నాను. నర్సు కూతురు కదా, మంచం మీదికే కాఫీ, మంచం మీదికే అన్నం, స్నానం కూడా నేనే చేయించాను. "ఏ పనీ చెయ్యనివ్వదు నా కూతురు" అని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. మూడు నెలలకు మా అమ్మ తనంతట తాను లేవలేకపోయింది. ముసలివారు మంచాన పడి ఉంటే కండ చాలా త్వరగా కరిగిపోతుంది, తిరిగి రావడానికి ఎన్నో నెలలు పడుతుంది. ఈ పాఠం నేను నర్సింగులో చదివాను, ఇతరులకు చెప్పాను కూడా. సొంత తల్లి దగ్గర మరచిపోయాను.

కనుక తాను చేసుకోగల పని పెద్దవారినే చేసుకోనివ్వండి. ఆలస్యమైనా ఫరవాలేదు. చీర కట్టుకోవడానికి అరగంట పడితే పట్టనివ్వండి. కూర తరగనివ్వండి, మొక్కలకు నీళ్ళు పోయనివ్వండి. నెల మొదట్లో ఇంటికి వచ్చే నాలుగు వేల పింఛను వారి చేతిలోనే ఉండనివ్వండి. మనవడికి పది రూపాయలు తన చేత్తో ఇచ్చుకునే ముసలివాడికి నడవాలని బుద్ధి పుడుతుంది. విశాఖకో, హైదరాబాదుకో వెళ్ళి పనిచేసుకునే పిల్లలు ఫోనులో "మందులు వేసుకున్నావా" అని మాత్రమే అడుగుతారు. "ఈరోజు ఎంతవరకు నడిచావు, ఎవరింటికి వెళ్ళావు" అని కూడా అడగండి.

అయితే పడిపోకుండా ఇల్లు సర్దాలి. రాత్రివేళ మూత్రానికి లేచినప్పుడు పడిపోయే ప్రమాదం ఉంది. మంచం నుండి మరుగుదొడ్డి వరకు రాత్రంతా చిన్న బల్బు వెలగాలి. నూతి గట్టు మీద నాచు గీకించండి. దొడ్డి గోడకు పట్టుకోవడానికి గట్టి ఇనుప కమ్మీ బిగించండి. గొంతుకూర్చోలేనివారికి నడుమ రంధ్రం ఉన్న కుర్చీ దొరుకుతుంది, దాన్ని దొడ్డి మీద వేస్తే చాలు. మంచం మీద కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనాలి. జోలెలా దిగిపోయిన నులకమంచం నుండి మనకే లేవడం కష్టం. లేచిన వెంటనే నడవకుండా కాసేపు కూర్చొని లేవమనండి.

నీళ్ళ సంగతి జాగ్రత్తగా వినండి. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియదు. అడిగితే "వద్దు" అంటారు. అందుచేత దాహంతో పని లేకుండా గంటకోసారి అందించండి, ఎక్కువ భాగం సాయంత్రంలోగా. చోడి అంబలి, మజ్జిగ కూడా లెక్కలోకే వస్తాయి. కానీ కిడ్నీ జబ్బు ముదిరి వాపు ఉన్నవారికి, డయాలసిస్‌లో ఉన్నవారికి ఈ మాట వర్తించదు. వారికి ఎంత నీరు తాగాలో డాక్టరుగారే చెప్పాలి. అటువంటివారికి కొబ్బరినీళ్ళు మరీ ప్రమాదం. పెరట్లో కాయ ఉంది, చలవ చేస్తుందని రోజూ కొట్టి ఇస్తారు. అందులో పొటాషియం చాలా ఎక్కువ. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె కొట్టుకోవడమే తప్పుతుంది. పనస, అరటిపండు విషయంలోనూ అడిగి పెట్టండి. కిడ్నీలు బాగున్నవారికి వీటిని మాన్పించనక్కరలేదు. ఎండుచేప, ఆవకాయ మాత్రం, బి.పి. ఉన్నవారికి, నాలుకకు రాసుకునేంతే.

పరీక్ష గురించి ఒక మాట. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు. ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించాలి. కాగితం మీద 1.2 ఉంటే "నార్మలే" అని మురిసిపోకండి. క్రియాటినిన్ కండలోంచి పుడుతుంది. ముసలివారికి కండ తక్కువ, అందువల్ల అంకె కూడా తక్కువగానే కనబడుతుంది. అదే 1.2 ముప్పై ఏళ్ళ మగవాడిలో ఉంటే వడపోత 80 పైన ఉన్నట్టు, డెబ్బై ఏళ్ళ స్త్రీలో ఉంటే 50 లోపే ఉన్నట్టు. కనుక "ఇ.జి.ఎఫ్.ఆర్. ఎంత?" అని అడగండి. అడిగితే డాక్టరుగారు కోప్పడరు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన తీరాన్నే దాటింది. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. బి.పి., షుగరు మాత్రలు తెచ్చుకోవడానికి దారి లేదు. అక్టోబరు వస్తుందంటే రెండు వారాల మందులు, పరీక్ష కాగితాలు ప్లాస్టిక్ కవరులో కట్టి ఎత్తు మీద పెట్టండి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, మూత్రం బాగా తగ్గినా, ఉన్నట్టుండి మాట తడబడినా, మనిషి తికమకపడినా మర్నాటి దాకా ఆగవద్దు. ఆ రోజే తీసుకురండి. వాంతులు, విరేచనాల సమయంలో కొన్ని బి.పి., షుగరు మాత్రలు తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. ఏది ఆపాలో మీరు నిర్ణయించకండి, అడగండి.

వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, ఖాళీ అట్టలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకురండి. డాక్టరుగారు "ఏమిటమ్మా బాధ" అని అడిగినప్పుడు ముందు వారినే చెప్పనివ్వండి. మీరు చెప్పవలసింది ఉంటే తర్వాత చెప్పండి.